గేరు రాడ్డు వదలని ఎడమ చెయ్యి

ఎనభై మూడులో, సింహాచలం చందనోత్సవం అయిన మరుసటి వారం జరిగింది ఇది. వానలు మొదలయ్యాక అని మా ఆయన అనేవారు. తప్పు. నేను పనిచేసే సరుకుల స్టోరులో మార్చి లెక్కలు ముగించి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

పోర్టులో బస్తాలు మోసి మోసి మా ఆయన నడుము పడిపోయింది. ఇక బరువు ఎత్తకూడదన్నారు డాక్టరు. పని మానేసినప్పుడు చేతికొచ్చిందంతా పెట్టి ఒక పాత కారు కొని, డ్రైవరును పెట్టి, స్టేషన్ నుంచి స్టీల్ ప్లాంటు కడుతున్న చోటికి టాక్సీ తిప్పాలని ఆయన ఆలోచన. ఆ కారు షెడ్డులో కూర్చుంటే మా ఇల్లు నడిచే దారి లేదు. మా ఇద్దరికీ డ్రైవింగు రాదు.

కారు అమ్ముతానన్నది గోపాలపట్నంలో ఉండే ఆయన స్నేహితుడు. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ బావా బావా అనుకునేవారు. ముందు మెకానిక్కుకు చూపిద్దామన్నాను.

"బావ బండికి మెకానిక్కేటి? ఆడి మొకం మీద ఉమ్మేసినట్టుంటది" అన్నారు మా ఆయన.

సరే, మనమే ఎక్కి చూద్దామన్నాను. మొదటిసారి ఆ బావే నడుపుతూ బీచ్ రోడ్డు మీద తిప్పాడు. ఇంజను చప్పుడు మెత్తగా ఉంది, సీట్లు శుభ్రంగా ఉన్నాయి. మా ఆయన మురిసిపోయారు. వెనక సీట్లో కూర్చున్న నాకు మాత్రం అతని ఎడమ చెయ్యి నచ్చలేదు. స్టీరింగు పక్కనున్న గేరు రాడ్డును ఆ చెయ్యి ఒక్కసారి కూడా వదల్లేదు. గేరు మార్చాక కూడా అక్కడే ఉంది.

మల్కాపురం నుంచి స్టోరుకు రోజూ సిటీ బస్సులో వెళ్లేదాన్ని. ఆడవాళ్ల సీట్లు ముందుంటాయి గనక డ్రైవర్ల చేతులు చూస్తూ వెళ్లడం అలవాటైంది. గేరు పడగానే చెయ్యి స్టీరింగు మీదికి వచ్చేస్తుంది. ఒక డొక్కు బస్సులో మాత్రం డ్రైవరు గేరు రాడ్డును సైకిల్ ట్యూబు ముక్కతో లాగి కట్టేవాడు. ఎందుకని అడిగితే, "లోపల పళ్లు అరిగిపోనాయమ్మా. దిగుడులో వదిలేత్తే గేరు దానంతటది ఊడొచ్చేత్తది" అన్నాడు.

రెండోసారి కంచరపాలెం మీదుగా తిప్పాడు. అదీ చదును రోడ్డే. సిగరెట్టు లేనిదే నాలుగు మాటలు మాట్లాడలేని మనిషి, కారులో ఉన్నంతసేపూ ఒక్కటి వెలిగించలేదు. అగ్గిపుల్ల గియ్యాలంటే రెండు చేతులూ కావాలి కదా.

అద్దంలో నన్ను చూసి నవ్వాడు. "ఏటి సెల్లెమ్మా, నా సెయ్యి కేసే సూత్తన్నావ్? ఉంగరం నచ్చిందేటి?"

"మీ ఉంగరం నాకెందుకు అన్నయ్యా" అన్నాను.

ఆ రాత్రి మా ఆయనతో ఒకటే మాట చెప్పాను. స్వామికి చూపించకుండా బయానా ఇవ్వడానికి వీల్లేదని. కొత్త బండైనా పాత బండైనా సింహాచలం కొండెక్కించడం మా ఊళ్లో అందరూ చేసేదే. దానికి బావ కాదనలేకపోయాడు. కొన్నాక వెళ్లొచ్చు కదా అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

ఎక్కేటప్పుడు ఇబ్బంది లేదు. పూజ చేయించాం, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. దిగేటప్పుడు నా ఒళ్లో పులిహోర పొట్లం ఉంది. మలుపులన్నీ అయ్యేదాకా నోరు విప్పలేదు. రోడ్డు తిన్నగా పడ్డాక, ఇంకా కాస్త దిగుడు ఉండగానే, వెనక నుంచి ముందుకు వంగి ప్రసాదం అందించాను.

"కిందికెళ్లాక తింటాలే సెల్లెమ్మా."

"స్వామి ప్రసాదం కాదంటారా?"

"తీసుకో బావా. అది ఒగ్గదు" అని నవ్వారు మా ఆయన.

ప్రసాదం ఎడమ చేత్తో ఎవరూ పుచ్చుకోరు. కుడి చెయ్యి చాపాలంటే ఎడమ చెయ్యి స్టీరింగు పట్టుకోవాలి. అతను బండి బాగా నెమ్మది చేసి, చేతులు మార్చాడు. పులిహోర అరచేతిలో పడిందో లేదో, రాడ్డు టక్కుమని ఎగిరింది. ఇంజను గొంతు ఒక్కసారి తగ్గిపోయింది, బండి జారడం మొదలుపెట్టింది. అతను బ్రేకు తొక్కాడు. మెతుకులన్నీ అతని ఒళ్లో పడ్డాయి.

"గుంట తగిలింది" అన్నాడు.

మా ఆయన నవ్వడం మానేశారు. కాసేపు రోడ్డు చూశారు.

"మళ్లీ రెండో గేరెయ్యి బావా."

వేశాడు.

"ఇప్పుడు సెయ్యి తియ్యి."

"ఏటి బావా, నన్ను నమ్మవేటి?"

"నాను నమ్ముతాను. నువ్వు సెయ్యి తియ్యి."

అతను తియ్యలేదు. కొండ కింద అడివివరం చేరగానే బండి ఆపించారు మా ఆయన. అక్కడ దిగి బస్సెక్కాం. ఇంటికొచ్చాక, "దేవుడి ప్రసాదంతోనే ఆడిని పట్టేవా?" అన్నారు మా ఆయన. ఆ గొంతులో ఉన్నది కోపమో మెప్పో నాకు తెలియలేదు.

తర్వాత కొన్నాళ్లకే, మా వీధి చివర ఇంటాయన ఆ కారుకే బయానా ఇవ్వబోతున్నాడని తెలిసింది. అన్నానికి కూర్చోబోతున్న మా ఆయన లేచి చొక్కా తొడుక్కున్నారు.

"బావ పరువు పోదా?" అన్నాను.

"ఆడి పరువు దిగుడులో సూసేం కదే" అని వీధి చివరికి వెళ్లారు.

తిరిగొచ్చేసరికి అన్నం చల్లారిపోయింది. వేరే కారు దొరికి మా టాక్సీ రోడ్డెక్కడం ఆ ఏడు దసరాకు గాని కాలేదు.