పీపాల్లోంచి వచ్చిన ఉప్పెన

నా చిన్నప్పుడు మా ఊరికి ఒక ఉప్పెన వ్యానెక్కి వచ్చింది. మద్రాసులో బయలుదేరి, తడ దగ్గర టిఫిను చేసి, చిట్టమూరు మీదుగా దుమ్ము రేపుకుంటూ మధ్యాహ్నానికల్లా మా సముద్రం ఒడ్డున దిగింది. వెంట మూడు వ్యాన్లు, ఒక లారీ, రెండు వందల మంది సినిమా మనుషులు. పాతిక మందే వచ్చారని మా తాతయ్య అనేవాడు. ఆయనకు చూపు ఆనదు.

తీసేది ప్రళయం. భూమి కంపించాలి, వెంటనే సముద్రం పొంగాలి. భూకంపం చవగ్గానే అయిపోయింది. కెమెరా పట్టుకున్నాయన్ని వెనకనుంచి ఇద్దరు ఊపుతుంటే మేమంతా అటూ ఇటూ తూలాలి. కల్లు అలవాటున్న పెద్దలు మొదటిసారే మెప్పించారు. చిక్కంతా అలతోనే వచ్చింది. ఇసుకదిబ్బ మీద చెక్కలు ఏటవాలుగా పరిచి, పైన పన్నెండు పీపాల నిండా నీళ్లు పెట్టారు. ఈల వెయ్యగానే అన్నీ ఒక్కసారి బోర్లించాలి. ఎదురుగా అంత సముద్రం ఉండగా ఈ పీపాలెందుకని తాతయ్య అడిగితే, "అది మనం చెప్పినట్టు వినదు పెద్దాయనా" అన్నాడు డైరెక్టరు. సినిమావాళ్ల నోట తాను విన్న నిజం అదొక్కటేనని తాతయ్య పోయేదాకా చెప్పుకున్నాడు.

అలకు చిక్కడానికి ఒక ముసలామె, ఒక పిల్లవాడు కావాలన్నారు. నేనొక కేక వేసి చూపించాను. ఆ కేకకు పులికాట్ సరస్సులో కొంగలు లేచి అవతలి ఒడ్డుకు పోయాయి. పిల్లవాడి వేషం నాకు ఖాయమైంది. ముసలామెగా మా పక్కింటి అవ్వను ఎంచుకున్నారు. ఆమె ముఖంలో ముడతలు చూసి మేకప్పాయన పెట్టె మూసేశాడు. అవ్వ మాత్రం రానంటే రానంది.

ఎందుకు రానందో నాకు తెలుసు. నేను పుట్టకముందు ఒక తుపానులో నిజం ఉప్పెన మా ఊరి మీదికి ఎక్కింది. ఆ రోజు అవ్వ ఒక చేత్తో తాటిచెట్టును, ఇంకో చేత్తో నాలుగేళ్ల కూతురిని పట్టుకుందట. నీళ్లు తీశాక చెట్టుకు అవ్వ ఒక్కతే ఉంది. చెట్టును పట్టుకుని బిడ్డను వదిలేసిందని ఊళ్లో ఒక మాట పుట్టింది. ముఖాన ఎవరూ అనలేదు. అయినా అది అవ్వకు చేరింది. "నేను వదల్లేదు, జారిపోయింది" అని, ఎవరూ అడగకపోయినా, తనే ఉన్నట్టుండి అనేది.

అన్నీ తెలిసే నేను ఆమె గడప ముందు కూర్చున్నాను. ఆమె రాకపోతే రేవు వీధి పిల్లవాడిని, వాళ్ల అవ్వను పెట్టుకుంటామన్నారు. ఆ జోడీ తెరకెక్కితే నేను సముద్రంలో దూకాల్సిందే. అన్నం మానేశాను, ఆమె కాళ్లు పట్టుకున్నాను, బిందెడు కన్నీళ్లు కార్చాను. "ఊరికే నా చెయ్యి పట్టుకుని పరిగెత్తడమే అవ్వా" అన్నాను. అల రాగానే చెయ్యి వదిలెయ్యాలన్న సంగతి దాచిపెట్టాను. అవ్వ నా తల నిమిరి, కొంగు బిగించి బయలుదేరింది.

జనం మీద పడకుండా అడ్డంగా కట్టిన తాడు అవతల ఊరంతా నిలబడింది. ఈల మోగింది. పన్నెండు పీపాల నీళ్లు తాటిచెట్టంత ఎత్తున లేచి, మా దగ్గరికి వచ్చేసరికి మోకాళ్లు తడిపి పోయాయి. అవ్వ నా చెయ్యి వదల్లేదు. కనీసం అరవలేదు.

"గట్టిగా అరువు అవ్వా! ఉప్పెనొస్తే ఎవరైనా అరవకుండా ఉంటారా?" అన్నాడు డైరెక్టరు.

"నోట్లో నీళ్లుంటే ఎట్టా అరస్తారు సామీ? ఆ పొద్దు మా ఊళ్లో ఒక్కరూ అరవలా."

పీపాలు మళ్లీ నింపారు. రెండోసారీ అవ్వ చెయ్యి వదల్లేదు. డైరెక్టరు మంచివాడే. దగ్గరికొచ్చి, ఇది సినిమా, నిజం కాదు, అల రాగానే చెయ్యి వదిలెయ్యి అని బతిమాలాడు.

"నిజం కానప్పుడు గట్టిగా పట్టుకున్నట్టే తియ్యి నాయనా. నీ చేతిలో పనే గదా. వదిలిందని మాత్రం చూపించబాక."

అతను తల వంచుకున్నాడు. కానీ కథలో పిల్లవాడు పోవాలి, వెలుతురు తగ్గుతోంది. ఇంకొక్కసారి చూద్దాం, కుదరకపోతే ఆ రేవు వీధివాళ్లను పిలవమన్నాడు. ఆ మాట నా చెవిన పడింది.

మూడోసారి నీళ్లు కాళ్లకు తగలగానే నేను మణికట్టు మెలితిప్పి, నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాక్కున్నాను. అవ్వ వేళ్లు ఒక్కొక్కటే విడిపోవడం నాకు తెలిసింది. చెక్కల మీద ఏడు పల్టీలు కొట్టాను. డైరెక్టరు చప్పట్లు చరిచాడు, ఊరు ఈలలు వేసింది. ఆ ఈలల మధ్య తాడు అవతలనుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"చూసినావా మే, మళ్లీ వదిలేసింది."

నేను విన్నాను. అవ్వా వింది. తడిసిన చీరతో అక్కడే నిలబడి నావైపు చూసింది. నేనే లాక్కున్నానని ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను చప్పట్లకు వంగి వంగి దండాలు పెడుతున్నాను.

సాయంత్రం అవ్వ నన్ను పిలిచి, కందిన మణికట్టుకు కొబ్బరినూనె రాసింది. "నొప్పెట్టిందా అబ్బయ్యా? గట్టిగా పట్టుకున్నాను" అంది. ఆమె నన్ను తిట్టి ఉంటే ఆ దెబ్బకు మర్చిపోయేవాణ్ణేమో.

సినిమా వచ్చాక నెల్లూరు వెళ్లి చూశాం. మా ముఖాలు తుమ్మేలోపు మాయమయ్యాయి. చెయ్యి విడిపోవడం మాత్రం తెర నిండా వేశారు. అవ్వ చూడ్డానికి రాలేదు. నేను మాత్రం ఏళ్ల తరబడి అరుగు మీద ఆ కథ చెప్పాను. చెప్పినప్పుడల్లా అల ఒక మేడ పెరిగేది, నేను ఈదిన దూరం ఒక ఊరు పెరిగేది. అవ్వ చెయ్యి మాత్రం ప్రతిసారీ తనంతట తానే వదిలేసేది. పక్క అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ ఆమె అంతా వినేది. ఒక్కసారి కూడా నన్ను దిద్దలేదు. ఒకనాడు అలాగే కన్నుమూసింది.

ఆమె పోయిన చాలా ఏళ్లకు సముద్రం మళ్లీ మా తీరం మీదికొచ్చింది. సునామీ అనే మాట అప్పుడు నేర్చుకున్నాం. గాలీ వానా లేని ఎండపొద్దున, ఈల వెయ్యకుండా వచ్చింది. ఇప్పటి సినిమాల్లో అలలు కంప్యూటర్లలో పుట్టి మేఘాలను తాకుతున్నాయి, నగరాలు అప్పడాల్లా విరుగుతున్నాయి. నిజంగా అలాగే ఉంటుందా అని మా పిల్లలు నన్ను అడుగుతారు. నేను అల వైపు చూడను. తల్లీ బిడ్డా కనబడితే వాళ్ల చేతులు చూస్తాను. తల్లి వేళ్లు తేలిగ్గా విడిపోతే, అది అబద్ధమని చెబుతాను.

ఆ వేళ్లు విడదియ్యడానికి ఎంత బలం కావాలో నాకు తెలుసు. అవ్వ వదల్లేదు, నేను లాక్కున్నాను. ఈ మాట ఆ రోజు తాడు అవతల నిలబడ్డవాళ్లకు చెప్పాల్సింది. ఇప్పుడు వాళ్లలో చాలామంది లేరు. అందుకే కనబడ్డవాళ్లకల్లా చెబుతున్నాను.