తిరగేసి చెక్కిన రేకు

ముందు నా మూర్ఖత్వం చెబుతాను. పాపం దాని వెనకే వస్తుంది. అవి రెండూ జంటగానే తిరుగుతాయి. ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఓ రాగిరేకు ఉంది. అగ్గిపెట్టెంత కూడా ఉండదు. దాని బరువు నాకే తెలుసు. ఇప్పుడు మీకు.

ఎనభైల్లో అమీర్‌పేట చౌరస్తా దగ్గర నాకో డబ్బా కొట్టు ఉండేది. ఇత్తడి ముద్రలు చెక్కేవాణ్ణి. ముద్ర మీద అక్షరం తిరగేసి చెక్కితేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. అలా అలా నా చెయ్యి తిన్నగా రాయడమే మరిచిపోయింది. బుద్ధి సుత గట్లనే ఉన్నదని మా ఆవిడ అనేది.

పక్క సందులో ఓ స్వామి దిగాడు. కోస్తా మనిషి. ఓ రోజు కొట్టుకొచ్చి, "యంత్రాలు చేస్తావటయ్యా?" అన్నాడు.

"మా ఇంట్ల ఒక్కటే యంత్రమున్నది స్వామీ, కుట్టుమిషను. గది సుత ఖరాబైంది."

ఆయన నవ్వి, తన గదికి తీసుకెళ్లి సామాను చూపించాడు. కత్తి హద్దు గీయడానికట. గంట దేవతను పిలవడానికట. రాగిరేకు మీది యంత్రం ఆమె కూర్చోవడానికట. నెమలి ఈకల కట్ట పీడను ఊడ్చేయడానికట. ఎవరి పని వాళ్లకు ఇంత చక్కగా పంచిన సర్కారు ఆఫీసు లక్డీకాపూల్‌లో కూడా లేదు. ముచ్చటపడి, ఆయనిచ్చిన అచ్చు కాగితం చూసి రేకు చెక్కాను.

చింతపండుతో తోమాక గానీ చూసుకోలేదు. అలవాటు కొద్దీ హ్రీం, క్లీం అన్నీ తిరగేసి చెక్కాను. తిట్లు తినడానికి సిద్ధపడే పట్టుకెళ్లాను. స్వామి అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లకద్దుకుని, "దివ్యంగా ఉందయ్యా!" అన్నాడు.

ఆయనకా అక్షరాలు రావు. ఆ క్షణమే తెలిసింది. నోరెత్తలేదు. ఎందుకెత్తలేదు? ఆయన మోసం దాగితేనే నా తప్పు దాగుతుంది కనక. పైగా, రోగుల మెడల్లో కట్టడానికి ఆయన చిన్న రేకులు చేయించుకుంటుంటే, మొదటిదానికీ తర్వాతవాటికీ తేడా కనబడకూడదని అన్నీ తిరగేసే చెక్కుతూ పోయాను.

నా కొట్టు ముందు ఆటో నిలుపుకునే మల్లేశం భార్య సత్తెమ్మకు పచ్చకామెర్లు వచ్చాయి. స్వామి ఆమె మెడలో రేకు కట్టాడు. మల్లేశం నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, గీ రేకు నువ్వే చెక్కినవంట గద. నిజంగ పన్జేస్తదా? లేకుంటె జర దవాఖానకు తోల్కపోదునా?"

"నేను చెక్కినంక పన్జేయకుంట ఉంటదారా? ఫికర్ జేయకు."

వాడు అడిగింది ప్రాణం సంగతి. నేను చెప్పింది నా పనితనం సంగతి. తమాషాకే అన్నానా? లేక నేనొక్కణ్ణే ఎరిగిన నిజం, ఆ ఒక్క మనిషికి కూడా చెప్పకుండా తప్పించుకోవడానికి తమాషాను అడ్డం పెట్టుకున్నానా?

పంజాగుట్ట దవాఖాన మా చౌరస్తాకు ఎంతో దూరం కాదు. ఆలస్యంగా తీసుకెళ్లాడు. సత్తెమ్మ పోయింది. పాడె మీద ఆమె మెడలో నా అక్షరాలే మెరుస్తున్నాయి. తిన్నగా చెక్కి ఉంటే బతికేదా అని ఇప్పటికీ అనుకుంటాను, వాటిని ఏనాడూ నమ్మనివాణ్ణి. ఆ రోజు ఏడుస్తూ మల్లేశమే నన్ను ఓదార్చాడు: "నీ చేతిల ఏమున్నదన్నా."

అంతా నా చేతిలోనే ఉంది. వాడికి ఇప్పటికీ చెప్పలేదు. మీకు చెప్పాక నాకు కాస్త ఊపిరాడుతోంది. అంతే. ఇది క్షమాపణ కాదు, అడగాల్సిన వాణ్ణి అడగలేదు కనక.

పగ కూడా తీర్చుకున్నాను లెండి, నా కొలతకు తగ్గది. మరుసటేడు స్వామి దవడ వాచి, "మంచి పళ్ల డాక్టరుంటే చెప్పవయ్యా, ఎవరికీ తెలియనీకు," అన్నాడు. చెప్పాను. మర్నాడు ఆయన వాకిట్లో జనం కూర్చుని ఉండగా వెళ్లి గొంతెత్తి అడిగాను: "స్వామీ, డాక్టరు పన్ను పీకిండా? మీ రేకుతోని తగ్గలేదా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. స్వామి తొణకలేదు. "దేహమున్నాక పన్ను కట్టక తప్పుతుందటయ్యా!"

జనం గొల్లుమన్నారు. మాటల పిచ్చివాణ్ణి, నాకూ నవ్వొచ్చింది. ఒక్కామె మాత్రం నవ్వలేదు. చంకలో బిడ్డతో లేచి, చెప్పులు తొడుక్కుని సందు మలుపు తిరిగింది. దవాఖానకే పోయిందో, ఇంకో స్వామి దగ్గరికే పోయిందో, వెంట వెళ్లి చూసే ధైర్యం నాకు లేకపోయింది.