నొప్పి పోయిన గుండె

కరిముల్లాది ఆటోనగర్‌లో లారీల కమాను కట్టల పని. బరువులు మోసి ఒంపు పోయిన ఇనుప పట్టీలను కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి మళ్లీ వంచేవాడు. ఆయన చేతిపని కోసం హనుమాన్ జంక్షన్ నుంచి కూడా లారీలు వచ్చేవి.

ఒక వేసవిలో సమ్మెట ఎత్తుతుంటే రొమ్ము మధ్యలో ఎవరో మోకాలుతో అదిమినట్టయింది. ఆ బరువు ఎడమ దవడలోకి పాకింది. కూర్చుంటే తగ్గిపోయింది. గ్యాస్ అనుకుని సోడా తాగాడు. ఆ తర్వాత బరువైన పని చేసినప్పుడల్లా అదే నొప్పి. కూర్చుంటే పోయేదానికి ఆసుపత్రి దేనికని నెలలు గడిపేశాడు.

మేడమెట్ల మధ్యలో దవడ పట్టుకుని నిలబడి ఉండగా భార్య ఖాసింబీ చూసింది.

"పన్ను నొప్పా?"

"కాదు, గ్యాసు."

"మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే పోయే గ్యాసు ఏం గ్యాసండీ?"

మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్లింది. యాంజియోగ్రాం చేశాక డాక్టర్ శాంభవి ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు.

"గుండె కూడా కండేనండీ, దానికీ రక్తం కావాలి. మీ రక్తనాళాలు లోపల పూడుకుపోయాయి. ఊరికే కూర్చున్నప్పుడు ఆ వచ్చే కాస్త రక్తం సరిపోతుంది. సమ్మెట ఎత్తితే చాలదు. అందుకే ఆ నొప్పి."

"స్టెంట్ వేస్తే పోద్ది కదా మేడమ్?"

ఆమె తల అడ్డంగా ఊపారు. "ఒకచోట అడ్డుంటే వేసేవాళ్లం. మీకు షుగర్ వల్ల నాళాలు చివరిదాకా సన్నబడిపోయాయి. బైపాస్‌కి కూడా వీల్లేదు. మందులే వాడాలి. నొప్పి రాగానే కూర్చుని ఈ మాత్ర నాలుక కింద పెట్టుకోండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోయినా, ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా, వెంటనే అంబులెన్స్ పిలవండి. సమ్మెట మాత్రం ఇక ముట్టుకోవద్దు."

కొన్నాళ్లు షెడ్డుకు వెళ్లి బల్ల మీద కూర్చుని ఎక్కడ కొట్టాలో చెప్పేవాడు. "నువ్వు రెస్ట్ తీసుకో భాయ్, మేం చూసుకుంటాంలే," అన్నాడు తోటి పనివాడు యాసిన్. ప్రేమగానే అన్నాడు. మర్నాటి నుంచి కరిముల్లా వెళ్లలేదు.

రానురాను చన్నీళ్లు పోసుకున్నా, కడుపు నిండా తిన్నా, గట్టిగా కోపమొచ్చినా నొప్పి వచ్చేది. స్నానం తగ్గించాడు, తిండి తగ్గించాడు, మాట తగ్గించాడు.

రంజాన్ నెలలో ఒక సాయంత్రం మంచం మీద ఊరికే కూర్చుని ఉండగా నొప్పి మొదలైంది. మాత్ర పెట్టుకున్నాడు. తగ్గలేదు. ఒళ్లంతా చెమటలు పట్టాయి. వంటింట్లో ఖాసింబీ రోజా ఉపవాసంతోనే ఇఫ్తార్‌కి గంజి కాస్తోంది. ఆమె నోట్లో చుక్క నీళ్లు పడేదాకా ఓర్చుకుందామనుకున్నాడు. అజాన్ వినిపించాక ఖర్జూరం పట్టుకుని గదిలోకి వచ్చిన ఖాసింబీకి ఆయన నేల మీద కనిపించాడు.

ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. కాళ్లకు నీరు.

"నొప్పి అసలు రావట్లేదు మేడమ్," అంది ఖాసింబీ, ఇంటికి పంపే ముందు, ఆశగా.

డాక్టర్ ఆయన వైపు చూసి, మెల్లగా చెప్పారు. "నొప్పి పెట్టిన కండ చచ్చిపోయిందమ్మా. అది మళ్లీ బతకదు. మిగిలిన గుండెతోనే నెట్టుకురావాలి."

"నాతో ఒక్క మాట అనుంటే రోజా వదిలేసేదాన్ని కదండీ," అంది ఖాసింబీ ఆటోలో.

కరిముల్లా జవాబు చెప్పాలనుకున్నాడు. ఊపిరి చాల్లేదు.