తొట్టిలోంచి తోడిన చెంబుడు నీళ్ళు

ఈ రోజు నా కొలువు పోయింది. మా మాంగో పేట అవతలి పొలంలో గడ్డి నుంచి రోజుకెంత నీరు ఆవిరవుతుందో తేల్చడానికి, మా తెలుగు సాబు మూడేళ్ళు రెండు దారులు పోల్చాడు. ఒకటి, రేకు తొట్టిలో నీరెంత తగ్గిందో నేను పొద్దున్నే కొలవడం. రెండోది, ఎండ, గాలి, తేమ చూసుకుని ఆయన కాగితం మీద లెక్క కట్టడం. కాగితమే గెలిచింది. ఇంత తేమ ఊళ్ళో తొట్టి ఎక్కువ చూపిస్తుందట.

దాచిన పాపం చెబితే కొలువు నిలుస్తుందనుకున్నాను.

“తప్పు తొట్టిది కాదు బాబూ, నాదే. మీరు బుర్ర గోక్కుంటే సూడాలని అప్పుడప్పుడూ చెంబుడు నీళ్ళు తోడీసినాను.”

సాబు తలెత్తలేదు. “తెలుసు అప్పన్నా. ఆ రోజులన్నీ ఎప్పుడో లెక్కలోంచి కొట్టేశాను. ఈ తేడా నువ్వు బుద్ధిగా కొలిచిన రోజులది.”

తొట్టిని నా చేతే బోర్లా వేయించారు. నా అల్లరి ఎవరినీ ముంచలేదు, బుద్ధిగా చేసిన పనే నన్ను ముంచింది. రేపు ఆరింటికి మెలకువొచ్చాక ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు నేనిది రాస్తున్న మన తెలుగువాళ్ళ క్లబ్బు బోర్డు మీదే కింద రాయండి. పెన్సిలు దారంతో కట్టాను, మీ సంగతి నాకు తెలుసు.