సాంచాకు చెప్పిన మాట

మా వాడ తెలియనివాళ్లకు ఒక సంగతి ముందే చెప్పాలి. మరమగ్గాలని పేపర్లలో రాస్తారు గానీ, సిరిసిల్లలో మాకవి సాంచాలే. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినవాళ్లు, సాంచాలు టకటకా ఆడినంతసేపు హాయిగా గుర్రుపెడతారు. కరెంటు పోయి అవి ఆగాయా, వాడంతా ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది.

మా అన్న సిద్దిరాములు బిడ్డ మమతారాణి ఆ సప్పుడులోనే పుట్టింది, ఆ సప్పుడులోనే చదువుకుంది. కరీంనగర్‌లో నర్సింగు పూర్తి చేసి, హైదరాబాదు హాస్టల్లో ఉండి జర్మను భాష నేర్చుకుంది. అక్కడ సాంచాల సప్పుడు లేక నిద్ర పట్టలేదని ఫోన్ చేసి ఏడ్చిన పిల్ల, పరీక్ష మాత్రం గట్టెక్కింది. జర్మనీలో ఒక చిన్న ఊరి ఆసుపత్రి ఉద్యోగం ఇస్తానంది. వస్తావో రావో ఈ వారంలో చెప్పాలి. మమత మాత్రం ఇంట్లో కూర్చుని, అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పేది.

"నేను పోను. నేను పోతె బాపుతోని మాట్లాడేదెవరు?"

నాకు ఒళ్లు మండేది. పోనిదానివి ఆ నోరు తిరగని భాష ఎందుకు నేర్చుకున్నావే తల్లీ? మా వదిన శంకరవ్వ బీడీలు చుడుతూనే తేల్చేసింది. "పోతె పో, ఉంటె ఉండు. నడిమిట్ల నా పానం తియ్యకు." అన్న మాత్రం నోరు విప్పలేదు. ఏళ్ల తరబడి సాంచాల మధ్య నిలబడి ఆయన చెవులు సగం పోయాయి. ఎవరేమన్నా మొహంలోకి చూసి తలూపుతాడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పే ఓపిక మమతకొక్కదానికే ఉంది. పిల్ల బెంగంతా అదే.

అన్న పనిచేసే షెడ్డు ఎదురుగానే నా కుట్టుమిషను కొట్టు. లంగాలు కుడతాను. మమత రోజూ అన్నకు సద్ది తెచ్చి, ఆయనకు ఎదురుగా చివరి సాంచా పక్కన నూలు కండెల పెట్టె మీద కూర్చునేది. పైన రేకుల సందుల్లోంచి ఎండ పడుతుంది. ఆ ఎండలో నూలు పీచు తెల్లగా తేలుతూ మెల్లగా దిగుతుంది. పిల్ల దాన్నే చూస్తూ పెదవులు కదిలించేది. జర్మను పాఠం వల్లె వేస్తోందనుకున్నాను.

పాఠమూ కాదు, పాడూ కాదు. సాంచాతో కబుర్లు! ఆ షెడ్డులో అదొక అలవాటు. యజమానిని ఎదురుగా నిలబడి తిట్టేవాళ్లు, కొత్త పెళ్లాం మీద పాట కట్టేవాళ్లు, అంతా ఆ సప్పుడు చాటునే. సాంచాకు చెప్పింది గడప దాటదంటారు. మమత ఏం చెప్పుకునేదో తర్వాత తనే నాకు చెప్పింది. జుట్టు మీద రాలే పీచు మంచు అట. ఆ మంచులో తను ఆసుపత్రికి నడిచి వెళ్తుందట. అక్కడ ఒక ముసలవ్వ, మమత వచ్చి పలకరిస్తే గానీ సూపు తాగనని మొండికేస్తుందట. సాయంత్రానికి కిటికీలన్నీ పసుపుపచ్చగా వెలుగుతాయట. తనకో చిన్న గది, ఆ గదికి తన సొంత తాళంచెవి. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్లకు తనదంటూ ఒక గది ఉంటే గదా! వింటుంటే నాకే వెళ్లాలనిపించింది.

గడువు దగ్గరపడిన రోజు గుడ్డ కోసం నేను షెడ్డులోకి వెళ్లాను. పిల్ల కళ్లు మూసుకుని సాంచాతో ఏదో గట్టిగా అంటోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. మమత గొంతు మాత్రం ఆగలేదు.

"నాకు పోవాల్ననే ఉంది! పానం కొట్టుకుంటుంది! బాపుకు ఎట్ల జెప్పాలె!"

అవ్వో! నిద్రలేచి గడపల్లోకి వచ్చినవాళ్లు కూడా విన్నారు. మమత రెండు చేతులతో నోరు మూసుకుంది.

అన్న తాపీగా చేతుల నూనె తుడుచుకున్నాడు. "నాకు ఎర్కనే బిడ్డా. రోజు నీ మాటలు ఇంటనే ఉన్న."

మమత అడిగింది మెల్లగానే. "గీ సప్పుడుల ఎట్ల ఇంటవ్ బాపూ?"

అన్న తన కళ్లు చూపించి, ఆమె పెదవుల వైపు వేలు చూపాడు. చెవులెందుకు పనికొస్తాయి ఆ షెడ్డులో? అక్కడ పనిచేసేవాళ్లంతా ఎదుటివాడి పెదవులు చూసే మాట అందుకుంటారు. సాంచా నడపని మాకిద్దరికే ఆ సంగతి తట్టలేదు.

పక్క సాంచా హనుమండ్లు నవ్వాపుకోలేకపోయాడు. "నిన్న ముసలవ్వ ముచ్చట సగంల ఇడిసి పోయినవ్ బిడ్డా. సూపు తాగిందా, లేదా?"

షెడ్డంతా ఘొల్లుమంది. నాకు మాత్రం కోపం నషాళానికంటింది. "పిల్ల గింత పరేషాన్ అవుతుంటె ఎందుకు చెప్పలే అన్నా? నీ నోట్లె ఏం పడ్డది?"

"పిల్ల నాకు చెప్తలేదు గదనే చెల్లె, సాంచాకు చెప్తుంది. నాకెప్పుడు చెప్తదా అని చూస్తున్న."

మమత లేచి, జుట్టు మీది పీచైనా దులుపుకోకుండా వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. ఈసారి చెవి దగ్గరికి వంగలేదు, అరవలేదు. "నేను పోత బాపూ" అంది.

అన్న పెదవులు కదిలేలోపే కరెంటు వచ్చింది. సాంచాలన్నీ ఒక్కసారి అందుకున్నాయి. ఆ హోరులో ఆయన ఏదో అన్నాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మమత ఆయన పెదవులనే చూస్తూ నిలబడింది, నవ్వింది, అంతలోనే బావురుమంది. పిల్ల రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

"ఏమన్నడే? వద్దన్నడా?"

కళ్లు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపింది.

"వద్దనలే అత్తా. గాడ సాంచాలు ఉండయి గదా, నీకు నిద్ర ఎట్ల పడతది బిడ్డా, అంటుండు."