బల్ల మీది కాళ్ళు

మా ఇంట్లో మగవాళ్ళు వంగేవారు కారు. గొప్పకు చెబుతున్న మాట కాదు. పుంగనూరులో మా ఇంటి ద్వారాలన్నీ అంత ఎత్తుగా కట్టించింది అందుకే. భూములు పోయి, గుర్రాల కొట్టం కూలి, ఇంటి మొత్తానికి నాలుగు కాళ్ళూ సరిగ్గా ఉన్న కుర్చీ ఒక్కటే మిగిలిన రోజుల్లో కూడా ద్వారాలు ఎత్తుగానే ఉండేవి. చేతిలోని తువ్వాలు జారి కిందపడితే మా చిన్నాయన వంగి తీసుకునేవాడు కాదు. ఎవరైనా వచ్చి అందించేదాకా దాని పక్కనే చేతికర్ర ఆనించి నిలబడేవాడు.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను డెబ్బైల చివరలో మదనపల్లెలో చదువుకుంటూ కాలేజీ కబడ్డీ టీముకు కాళ్ళు పట్టే పనికి కుదిరాను. దానికి కారణం ఒక కోటు.

టీములో ఉన్నవాళ్ళకు జేబు మీద కాలేజీ ముద్ర కుట్టిన ముదురెరుపు కోటు ఇచ్చేవారు. మా తాత పోయినప్పటినుంచి మా ఇంట్లో ఎవరి ఒంటి మీదికీ కొత్త కోటు రాలేదు. నాకు ఆట రాదు. కబడ్డీలో ఒంగి కూతకు పోవాలి, నేను నిటారుగా పోయి నిటారుగానే పట్టుబడేవాణ్ణి. వ్యాయామం సారు రెండు రోజులు చూసి, ఒక తగరపు పెట్టె నా చేతికిచ్చాడు.

"ఆట నీకు కాదప్పా. ఈ పెట్టె పట్టుకో. కోటు ఇస్తా."

కోటు తొడుక్కున్నాకే పెట్టె తెరిచాను. దూది, టింక్చరు, కట్టు గుడ్డలు, నొప్పుల తైలం ఉన్నాయి. అప్పటికే ఒక ఆటగాడు నేల మీద కూర్చుని కాలు నా వైపు చాపి ఉన్నాడు.

కోటు విప్పి ఇవ్వడానికి మనసు రాలేదు. వంగడానికి నడుము రాలేదు. కాసేపు ఆలోచించి క్లాసులోంచి పొడవాటి బల్ల ఒకటి తెప్పించి, దాన్ని రెండు డెస్కుల మీదికెక్కించాను. "పైకెక్కి పడుకో" అన్నాను. అతని మడమ నా ఛాతీ ఎత్తుకు వచ్చింది. నిలబడే తైలం రాసి, నిలబడే కట్టు కట్టాను.

టీమంతా పడి పడి నవ్వింది. "దొర వొంగడంట్రా! మనమే ఎక్కాల!" అన్నారు. ఆ రోజునుంచి నా పేరు దొర. ఎగతాళికే పెట్టారు. అయినా ఆ పిలుపు నాకు కొత్తగా అనిపించలేదు.

వారం తర్వాత ఆసుపత్రి డాక్టరొకాయన మైదానానికి వచ్చి, బల్ల మీద వరసగా పడుకున్న కాళ్ళను చూసి ఆగిపోయాడు. "వాచిన కాలు ఎత్తులో ఉండాలని ఎంతమందికి చెప్పినా వినరు. ఇక్కడెవరికో బాగా తెలిసినట్టుందే" అన్నాడు. సారు నన్ను ముందుకు తోశాడు. నేను తల వంచకుండానే నమస్కారం చేశాను. ఆనాటినుంచి మా టీము ఏ ఊరికి పోయినా బల్ల కూడా బస్సు టాపు మీద వచ్చేది.

కుప్పం మ్యాచుకు పోయినప్పుడు బల్ల దించుతుంటే ఖాకీ నిక్కరు వేసుకున్న ఒకాయన దగ్గరికి వచ్చాడు. మా కెప్టెను తండ్రి. రైల్వే గేటుమ్యాను. బల్ల చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది పెండ్లికా, సావుకా?"

"మా కాళ్ళకు నాయనా" అన్నాడు కెప్టెను.

"కాళ్ళు పెట్టేదానికి ఇంత బల్లా? మీ అమ్మను గూడా ఇంత పొడుగు మంచం మింద పండబెట్టలేదే నేను!"

ఆ రోజు గెలిచాం. భోజనం వాళ్ళింట్లోనే, గేటు పక్క గుడిసెలో. రైలు పోయినప్పుడల్లా పళ్ళేలు అదిరేవి. కెప్టెను నాకు సంగటి ముద్ద వేస్తూ అసలు సంగతి చెప్పాడు. పుంగనూరు మ్యాచుకు యూనివర్సిటీ టీముకు మనుషుల్ని ఎంచే ఆయన వస్తున్నాడు. ఆ టీములోకి పోతే ఆట మీద రైల్వే ఆఫీసులో ఉద్యోగం దొరకవచ్చు. పోకపోతే తండ్రితో పాటు గేటే.

"నా కాలు నీ సేతిలో ఉండాది దొరా" అన్నాడు.

నేను సరేనన్నాను గాని, పుంగనూరంటే మా చిన్నాయన ఉన్న ఊరు. టీము బాగోగులన్నీ చూసుకుంటున్నానని చిన్నాయనకు ఉత్తరం రాసి ఉన్నాను. అబద్ధం రాయలేదు. ఎవరి ఏ భాగం చూసుకుంటున్నానో మాత్రం రాయలేదు.

పుంగనూరు ప్రయాణం రోజు బస్సు టాపు నిండా టమోటా గంపలే. బల్లను చూడగానే కండక్టరు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"మనుషులకే సోటు లేదు. దీన్ని యాడ పెట్టేది, నా నెత్తినా?"

"ఇది వైద్యానికి" అన్నాను.

"అయితే దాన్నే ఆస్పత్రికి తోలండి. రైట్, పోనీ!"

బల్ల మదనపల్లె బస్టాండులోనే ఉండిపోయింది.

మైదానంలో జనం గీతల చుట్టూ కిందనే కూర్చున్నారు. ఒక్కచోట మాత్రం కుర్చీ. మా ఇంటి కుర్చీ. దాని మీద తలపాగా చుట్టుకుని చిన్నాయన. "ఆ ఎర్రకోటు మా వాడే. టీమంతా వాని సెప్పుసేతల్లోనే" అని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పడం నాకు వినబడుతూనే ఉంది. ఎంపికకు వచ్చినాయన ఎదుటి గీత దగ్గర నోటుపుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పటిదాకా అందులో ఏమీ రాయలేదు.

ఆట ముగియడానికి ఇంకా ఐదు నిమిషాలుండగా కెప్టెను కూతకు పోయి, తప్పించుకుని మా వైపు చేరి, ఆ ఊపులో కాలు మెలిక పడి గీత బయట కూలాడు. ఇంత మైదానం ఉండగా మా చిన్నాయన కుర్చీ ముందే కూలాడు. రెఫరీ రెండు నిమిషాలిచ్చాడు.

పెట్టె తీసుకుని పరుగెత్తాను. పరుగెత్తి, నిలబడ్డాను. చిన్నాయన నన్నే చూస్తున్నాడు. ఊరు ఊరంతా నన్నే చూస్తున్నట్టనిపించింది. కెప్టెను మడమ పట్టుకుని తల పైకెత్తాడు.

"దొరా, వొంగప్పా! ఈ పొద్దు పోతే నా బతుకు గేటుకాడే!"

వంగాను. ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది. ఎర్ర కోటు అంచులు మట్టిలో పడ్డాయి. అతని పాదం ఒడిలో పెట్టుకుని కట్టు మొదలుపెట్టాను. ఎప్పుడూ ఛాతీ ఎత్తులో కట్టడం అలవాటైన చేతులు కింద కట్టలేకపోయాయి. చుట్టిందంతా జారిపోయింది. మళ్ళీ చుట్టాను. మళ్ళీ జారింది. వెనక జనంలోంచి ఎవరో "ఏమప్పా, అది కట్టా, తలపాగానా?" అన్నారు.

అంతలో నా భుజం మీద చేతికర్ర పడింది.

"పక్కకు జరుగు."

చిన్నాయన కుర్చీలోంచి లేచాడు. పంచె ఎగ్గట్టాడు. కర్ర నా చేతికిచ్చి, నా పక్కనే నేల మీద గొంతుకూర్చున్నాడు. అలా కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. కెప్టెను పాదాన్ని గట్టిగా పట్టుకుని, నా చేతిలోని గుడ్డ లాక్కుని, మడమ కిందినుంచి అడ్డంగా, పైకి, మళ్ళీ అడ్డంగా, ఊపిరి తీసుకునేంతలో చుట్టేశాడు. మా తాత గుర్రాలకు కాళ్ళు బెణికితే కట్లు కట్టింది ఆయనేనని అప్పుడు గుర్తొచ్చింది.

"అబ్బా!" అన్నాడు కెప్టెను.

"గుర్రం అరవదు" అన్నాడు చిన్నాయన, ముడి బిగిస్తూ.

పక్కన కూర్చున్న ముసలాయన ఆశ్చర్యంతో ముందుకు వంగాడు. "ఏమప్పా, మీరేంది, వాని కాలు..."

"మనిషి కాలు ఎవురు పట్టినారు? కొట్టంలో ఉన్నట్టే అనుకుంటాండా. లేయ్‌రా, ఉరుకు."

కెప్టెను లేచాడు. ఒకసారి కాలు నేలకు తాటించి, గీత లోపలికి పోయాడు. ఆ తర్వాత రెండు కూతల్లో ముగ్గుర్ని తాకి వచ్చాడు. మ్యాచు ఒక్క పాయింటుతో ఓడిపోయాం. అయినా ఎదుటి గీత దగ్గర నోటుపుస్తకంలో పెన్ను కదలడం చూశాను.

ఇంటికి పోతూ చిన్నాయన ముందు నడుస్తున్నాడు. కుర్చీ నేను మోస్తున్నాను.

"కట్టు అట్లనా కట్టేది? సిగ్గుసేటు" అన్నాడు. వంగిన సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రెండు నెలల తర్వాత కెప్టెను మా ఇంటికి వచ్చాడు. జేబులో యూనివర్సిటీ టీము ఉత్తరం ఉంది. మా ఎత్తు ద్వారంలో కూడా అలవాటుగా తల దించుకునే లోపలికి వచ్చి, చిన్నాయన కాళ్ళకు దండం పెట్టబోయాడు. చిన్నాయన కర్ర అడ్డం పెట్టి ఆపాడు.

"దండాలు తర్వాత. ముందు కాలు సూపీ."

నేను లోపలికి పోయి కుర్చీ తెచ్చాను, కాలు దాని మీద పెడితే ఆయన నిలబడి చూడవచ్చునని. చిన్నాయన కుర్చీని చూశాడు. నన్ను చూశాడు.

"అది కూసునేదానికి" అన్నాడు. కర్ర గోడకు ఆనించి, పంచె ఎగ్గట్టి, కెప్టెను కాలి దగ్గర గొంతుకూర్చున్నాడు.