గుమ్మంలో అగరుబత్తి

ఆసుపత్రుల్లో ఏసీలు బిగించాక అవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడం నా ఉద్యోగం. ఆపరేషన్ థియేటర్‌లోంచి గాలి ఎప్పుడూ బయటికే రావాలి. బయటి గాలి లోపలికి పోతే రోగి కుట్లకు చీము పట్టే ప్రమాదం ఉంది.

రాజమండ్రిలో ఒక కొత్త ఆసుపత్రికి వెళ్లినప్పుడు, నా పరీక్ష మొదలుకాకముందే ప్రారంభోత్సవ ముహూర్తం వచ్చేసింది. మొదటి ఆపరేషన్ ఆ ఆసుపత్రి కట్టించిన డాక్టరుగారి తల్లికే. ఆవిడ పరగడుపున స్ట్రెచర్ మీద పడుకుని ఉన్నారు. పంతులుగారు అరటిపండుకి అగరుబత్తులు గుచ్చి థియేటర్ గుమ్మంలో పెట్టారు. పొగ మా వైపు రాలేదు. తిన్నగా లోపలికి పోయింది.

"డాక్టరుగారూ, ఈరోజు ఆపరేషన్ వద్దండి. గాలి లోపలికి పోతోంది," అన్నాను.

"శుభమా అని మొదలెడుతుంటే ఆ మాటలేంటమ్మా?" అంటూ బంధువులలో ఒక పెద్దాయన కసిరారు.

డాక్టరుగారు గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని ఆ పొగనే చూశారు. తర్వాత లేచి తల్లి చెయ్యి పట్టుకుని, "లేమ్మా, ఇంటికెళ్దాం," అన్నారు.

శుభ్రమైన గాలిని థియేటర్‌లోకి తోసే ఫ్యాన్ వెనక్కి తిరుగుతోందని, అందుకే గుమ్మంలోంచి బయటి గాలి లోపలికి పోతోందని సాయంత్రానికి తేలింది. ఆవిడ ఆపరేషన్ తర్వాతి వారం చేశారు. కుట్లు శుభ్రంగా మానాయి.

ఇప్పుడు ఏ థియేటర్‌కి వెళ్లినా, మీటర్లు బయటికి తీయకముందే గుమ్మంలో అగరుబత్తి వెలిగిస్తాను. చూసినవాళ్లు భక్తి అనుకుంటారు. కాదని నేనెప్పుడూ అనలేదు.